రక్తం పడితే మొలలేనా? పెద్దపేగు క్యాన్సర్ పరీక్షలపై అపోహలు - వాస్తవాలు

అపోహ: విరేచనంలో రక్తం పడిందంటే మొలలే. వేడి చేసింది, మజ్జిగ తాగితే సర్దుకుంటుంది.

వాస్తవం: చాలాసార్లు మొలలే. చిక్కూ అక్కడే. మొలలున్నవారికి క్యాన్సర్ రాకూడదనేం లేదు. పైగా పెద్దపేగు కుడివైపు గడ్డ ఉంటే రక్తం కంటికి కనపడకుండానే పోతుంది. మొదట బయటపడేది ఆయాసం, నీరసం, తగ్గిన హిమోగ్లోబిన్. మగవారిలో, నెలసరి ఆగిన ఆడవారిలో ఐరన్ లోపం కనిపిస్తే మాత్రలు రాసి ఊరుకోకూడదు, పేగు చూడాల్సిందే.

అపోహ: ఏ బాధా లేదు, పరీక్షలెందుకు?

వాస్తవం: స్క్రీనింగ్ బాధ లేనివారి కోసమే. పేగు లోపలి గోడపై మొలిచే చిన్న కండ (పాలిప్) క్యాన్సర్‌గా మారడానికి సాధారణంగా పదేళ్లు పడుతుంది. ఈలోగా దొరికితే కొలనోస్కోపీలోనే (మలద్వారం గుండా కెమెరా గొట్టం పంపి పెద్దపేగు చూసే పరీక్ష) వైరు ఉచ్చు వేసి తీసేస్తారు. అమెరికాలో 2021 నుంచి 45 ఏళ్లకే మొదలుపెట్టమంటున్నారు. మన ప్రభుత్వ స్క్రీనింగ్‌లో ఉన్నవి నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లే కాబట్టి దీని గురించి డాక్టర్‌ను మీరే అడగాలి. తండ్రికి 46 ఏళ్లకు ఈ క్యాన్సర్ వచ్చి ఉంటే పిల్లలు పదేళ్ల ముందే, అంటే 36కే పరీక్ష చేయించుకోవాలి.

అపోహ: ఫిట్ పరీక్ష (మలంలో కంటికి కనపడని రక్తాన్ని పట్టేది) పాజిటివ్ వచ్చింది, మళ్లీ చేయిస్తే నెగటివ్. గండం గడిచింది.

వాస్తవం: గడవలేదు. పాలిప్ నుంచి రోజూ రక్తం కారదు. ఒక్కసారి పాజిటివ్ వచ్చినా కొలనోస్కోపీయే. నెగటివ్ అయితే ఏటా చేయించాలి. శాంపిల్‌లో కమోడ్ నీళ్లు, మూత్రం కలవకూడదు. అల్ట్రాసౌండ్, సీఈఏ రక్తపరీక్ష ఈ పరీక్షలకు బదులు కావు.

అపోహ: కొలనోస్కోపీ నరకం.

వాస్తవం: మత్తిచ్చి చేసే పరీక్ష అరగంటలో అయిపోతుంది. అసలు కష్టం పేగు శుభ్రం చేసుకోవడమే. ఐరన్ మాత్రలు వారం ముందే ఆపాలి, లేకపోతే పేగు గోడకు నల్లగా అంటుకుంటాయి. రెండుమూడు రోజుల ముందు నుంచి ఆకుకూరలు, జామ, టమాటా, వంకాయ, నువ్వులు వద్దు. గింజలు గొట్టానికి అడ్డుపడతాయి. తెల్లన్నం, పెరుగు చాలు. పెగ్ పొడి (విరేచనాలు చేయించి పేగు శుభ్రం చేసే మందు) కలిపిన నీళ్లు సగం ముందురోజు సాయంత్రం, మిగతా సగం పరీక్షకు నాలుగైదు గంటల ముందు మొదలుపెట్టాలి. రుచి వెగటు; చల్లగా ఉంటే దిగుతుంది. ‘విరేచనాలు అయిపోయాయిలే’ అని రెండో సగం మానేస్తే కుడివైపు పేగు మీద పసరు పూత మిగిలి చదునైన పాలిప్‌లు దాక్కుంటాయి. చివరికి మూత్రంలా తేటగా, పసుపుగా రావాలి. షుగర్ మందులు, రక్తం పలచబడే మాత్రలు మీ అంతట మీరు ఆపొద్దు.

రిపోర్టులో ‘నార్మల్’ ఒక్కటే చూసి మడిచి పెట్టేయకండి. గొట్టం సీకం (పెద్దపేగు మొదలయ్యే చోటు) దాకా వెళ్లిందా, పేగు ఎంత శుభ్రంగా ఉందో రాశారా చూడండి. శుభ్రంగా లేదని రాసి ఉంటే ఆ నార్మల్‌ను ‘ఇక పదేళ్లు కొలనోస్కోపీ అక్కర్లేదు’ అనే పూచీగా తీసుకోలేం. మళ్లీ ఎప్పుడు చేయించాలో అప్పుడే అడిగి రాయించుకోవాలి.