మోకాలి ‘గుజ్జు’ మార్పిడి: ఓర్చుకున్నకొద్దీ చేజారిపోయే ఆపరేషన్

వారానికి ఒక్కరైనా ఓపీలో ఇదే మాట అడుగుతారు. “డాక్టర్ గారూ, అమ్మకి గుజ్జు అరిగిపోయిందన్నారు. చనిపోయినవాళ్ల గుజ్జు తెచ్చి వేస్తారట కదా, అది వేయండి.” అమ్మగారికి 68 ఏళ్లు, కాళ్లు రెండూ దొడ్డికాళ్లయ్యాయి. ఆ కొడుకు తప్పేం లేదు. మోకాల్లో ఉన్న ప్రతిదాన్నీ మనం గుజ్జు అనే అంటాం. ఎముక చివర నున్నగా అంటుకుని ఉండే కార్టిలేజ్ గుజ్జే, రెండెముకల మధ్య లోపలివైపొకటి, బయటివైపొకటి నెలవంకల్లా కూర్చునే మెనిస్కస్ గుజ్జే, కీలులో జిగురు ద్రవమూ గుజ్జే. దాత నుంచి తెచ్చి పెట్టేది ఆ నెలవంకను. కార్టిలేజ్ పోయి ఎముకకి ఎముక రాసుకుంటున్న మోకాల్లో పెడితే అది నిలవదు, చిరిగిపోతుంది. అమ్మగారికి కావాల్సింది వేరే వైద్యం. చివరికి అవసరమైతే మోకీలు మార్పిడి.

ఇంతకన్నా ఎక్కువ నష్టం చేస్తున్న అపోహ ఒకటుంది. “ఓర్చుకున్నన్నాళ్లు ఓర్చుకుందాం, ఇక నడవలేనప్పుడు చూసుకుందాం.” మోకీలు మార్పిడికి ఈ మాట చాలావరకు సరైనదే. కృత్రిమ కీలుకి ఆయుష్షు ఉంటుంది కాబట్టి తొందరపడొద్దని మేమే చెబుతాం. మెనిస్కస్ మార్పిడికి లెక్క తిరగబడుతుంది. కార్టిలేజ్ ఇంకా బాగున్నప్పుడే అది పనిచేస్తుంది. నడవలేని స్థితి వచ్చిందంటే సాధారణంగా ఆ అవకాశం దాటిపోయినట్టే.

కబడ్డీ ఆడే ఒక కుర్రాడికి 19 ఏళ్లప్పుడు మోకాలు మెలితిరిగి బయటివైపు మెనిస్కస్ చిరిగింది. ఎక్కడో దాదాపు మొత్తం తీసేశారు. కొన్నాళ్లు హాయిగా ఆడాడు. 23కి వచ్చేసరికి మెట్లు దిగితే నొప్పి, సాయంత్రానికి వాపు. అప్పుడు నా దగ్గరికి వచ్చాడు. ఎక్స్‌రేలో ఎముకల మధ్య సందు బాగానే ఉంది, అంటే కార్టిలేజ్ ఇంకా ఉంది. మార్పిడికి సరైన సమయం ఇదేనని చెప్పాను. ఇంటికెళితే మేనమామ “ఇంత చిన్న వయసులో ఇంకో ఆపరేషన్ ఎందుకురా” అన్నాడట. నొప్పి మాత్రలతో, మోకాలికి తొడిగే పట్టీతో ఐదేళ్లు నెట్టుకొచ్చి, 28 ఏళ్లకి తిరిగొచ్చాడు. నిలబెట్టి రెండు మోకాళ్లకీ ఎక్స్‌రే తీయించాను. మంచి కాలిలో ఎముకల మధ్య నల్లటి గీతలా సందు కనిపిస్తోంది. దెబ్బతిన్న కాలిలో బయటివైపు ఆ గీతే లేదు, తెలుపుకి తెలుపు ఆనుకుపోయింది. “ఇప్పుడు వేసేయండి సార్” అన్నాడు. కుదరదని చెప్పాల్సి వచ్చింది. ఆ పట్టీ చేతిలో మడతపెట్టుకుంటూ చాలాసేపు అలాగే కూర్చున్నాడు. తర్వాత, ఎముక కోసి కాలి వంపు మార్చి భారాన్ని లోపలివైపు మళ్లించే ఆపరేషన్ గురించి మాట్లాడుకున్నాం.

ఎందుకలా అవుతుందంటే, మోకాలు చాపి ఉన్నప్పుడు కీలు మీద పడే భారంలో దాదాపు సగం, 90 డిగ్రీలు వంచినప్పుడు 85 శాతం వరకు మెనిస్కస్‌ల మీదుగానే వెళుతుంది. బయటివైపుది పూర్తిగా తీసేస్తే అక్కడి కార్టిలేజ్ మీద ఒత్తిడి రెండు మూడు రెట్లు పెరుగుతుంది. మెనిస్కస్ తీసేసిన మోకాళ్లలో వచ్చే మార్పులను ఎక్స్‌రేల్లో చూసి ఫెయిర్‌బ్యాంక్ అనే సర్జన్ 1948లోనే రాశాడు. అయినా ఆ తర్వాత దశాబ్దాల పాటు చిరిగితే తీసేయడమే వైద్యంగా నడిచింది. మా నాన్నగారికి 1981లో లోపలివైపుది మొత్తం తీసేశారు. ఆయన యాభై దాటేసరికి ఆ ఒక్క కాలు బయటికి వంగిపోయింది. గుడిలో ప్రదక్షిణ చేస్తూ మధ్యలో స్తంభం పట్టుకుని ఆగేవారు. నేను ఈ కీలు వైపు రావడానికి అదే కారణం.

అలాగని నొప్పి లేనివాళ్లు ముందుజాగ్రత్తగా వేయించుకోమని నేను చెప్పను. మెనిస్కస్ తీసేసి ఉండి, వయసు సుమారు యాభైలోపు ఉండి, అటువైపే నొప్పో వాపో మొదలైతే ఏళ్ల తరబడి ఆగకండి. కాలు వంకరగా ఉన్నా, ఎముకల్ని కలిపి పట్టుకునే లిగమెంట్ తెగి ఉన్నా ముందో, దాంతోపాటో అవి సరిచేయాలి. అలాగే కొత్తగా చిరిగినవాళ్లు “తీసేయండి సార్, త్వరగా అయిపోతుంది” అని అడగకండి. అంచు దగ్గర రక్తప్రసరణ ఉంటుంది, అక్కడి చిరుగు కుట్టేస్తే అతుక్కునే అవకాశం ఎక్కువ.

మిగతా పుకార్లకి ఇంత చర్చ అక్కర్లేదు. కిడ్నీలాగా జీవితాంతం మందులు మింగాలా? అక్కర్లేదు. బ్లడ్ గ్రూప్ కలవాలా? అదీ అక్కర్లేదు, కలవాల్సింది సైజు. కుడికి కుడి, ఎడమకి ఎడమ, లోపలికి లోపలిదే. మూడు నెలల్లో గ్రౌండ్‌లోకి వెళ్లొచ్చా? లేదు. నాలుగు నుంచి ఆరు వారాలు చంకకర్రలు, పరుగు మాట చాలా నెలల తర్వాత. కబడ్డీ మాత్రం నేను వద్దనే అంటాను. కొత్తది జీవితాంతం ఉంటుందా? పదేళ్లకి పదిమందిలో సుమారు ఏడుగురికి పనిచేస్తూ ఉంటుంది.

ఒక తల్లి మాత్రం వేరే భయంతో వచ్చింది. “పోయినవాళ్లది నా బిడ్డ కాల్లో ఎలా పెట్టుకోవాలయ్యా?” ఆమెను కూర్చోబెట్టి, తెచ్చేది ఎలా ఉంటుందో చెప్పాను. మైనస్ 80 డిగ్రీల్లో గడ్డకట్టి వస్తుంది. సెలైన్‌లో వేస్తే మెల్లగా మెత్తబడుతుంది. లేత కొబ్బరిలా తెల్లగా, నున్నగా, బొటనవేలి వెడల్పు కూడా లేని చిన్న నెలవంక. హెచ్ఐవీ, హెపటైటిస్ లాంటి పరీక్షలన్నీ దాటాకే వస్తుంది. ఇన్ఫెక్షన్ ప్రమాదం సున్నా కాదుగానీ చాలా తక్కువ. 1984లో జర్మనీలో ఈ ఆపరేషన్ మొదలైనప్పటి నుంచీ ఎందరో ఇలాంటి దానంతోనే నడుస్తున్నారు. అంతా విని ఆమె, “ఇచ్చినవాళ్ల పేరు చెబుతారా, దీపం పెట్టుకుంటాను” అంది. పేరు మాకూ చెప్పరమ్మా అన్నాను.

వచ్చేటప్పుడు పాత ఆపరేషన్ కాగితం తెండి. ఏ వైపుది, ఎంత తీశారో అందులో ఉంటుంది. ఎమ్మారై ఒక్కటే పట్టుకొస్తే సరిపోదు, రెండు కాళ్ల మీద నిలబెట్టి తీసిన ఎక్స్‌రే కావాలి. పడుకోబెట్టి తీస్తే మూసుకుపోయిన సందు కూడా ఉన్నట్టే కనిపిస్తుంది.