ఫారం పోయేముందు ఒక హెచ్చరిక: ముప్పై ఏళ్ల నేపథ్యం

2014 జూన్‌లో తిరుపతి బాలాజీ కాలనీలోని ఒక ఇంటర్నెట్ సెంటర్‌లో ఇంటర్ పాసైన ఒక అమ్మాయి కాలేజీ ప్రవేశ దరఖాస్తు నింపుతోంది. పక్కన వాళ్ల నాన్న. పలమనేరు వైపు నుంచి తెల్లవారుజామున బస్సెక్కి వచ్చారు. పదో తరగతి మెమో, కుల, ఆదాయ ధ్రువీకరణ పత్రాలున్న ప్లాస్టిక్ కవరు ఒళ్లో పెట్టుకుని ఒక్కో నంబరూ చదివి చెబుతున్నారు. ముప్పావు గంట గడిచింది. జాబితాలో జిల్లా పేరు తప్పు పడింది. చెరిపేద్దామని ఆమె బ్యాక్‌స్పేస్ నొక్కింది. పేజీ వెనక్కి వెళ్లిపోయింది. మళ్లీ ముందుకు వచ్చి చూస్తే గడులన్నీ ఖాళీ.

“మళ్లీ మొదటి నుంచా తల్లీ?” అన్నారాయన.

పక్క కంప్యూటర్ దగ్గర నేనున్నాను. అప్పటికే వెబ్ అప్లికేషన్లు తయారుచేయడం నా వృత్తి. ఆ అమ్మాయి తప్పేమీ లేదని నాకు తెలుసు. “మీరు నింపినవి పోతాయి, వెళ్లమంటారా?” అని అడిగించే వీలు అప్పటికి పదిహేడేళ్లుగా ఉంది. ఆ ఫారం తయారుచేసినవారు నాలుగు వరుసల కోడ్ రాయలేదు, అంతే.

ఆ వీలు 1997లో వచ్చింది. వెబ్ ఫారాలకు 1995లోనే ప్రామాణిక రూపం ఏర్పడినా, ‘సబ్మిట్’ నొక్కేదాకా నింపినదంతా తెరమీది రాతే. మైక్రోసాఫ్ట్ తన బ్రౌజర్ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 4లో ‘బిఫోర్‌అన్‌లోడ్’ అనే ఏర్పాటు తెచ్చింది. పేజీని మూసేముందు బ్రౌజర్ ఒకసారి ఆగి, పేజీ ఇచ్చిన వాక్యాన్ని చిన్న పెట్టెలో చూపి, ఉంటారా వెళ్తారా అని అడుగుతుంది. మిగతా బ్రౌజర్లు ఒక్కొక్కటిగా దీన్ని అందుకున్నాయి.

పేజీ తనకు నచ్చిన వాక్యం రాసుకోవచ్చన్నదే దాని బలం, చివరికి అదే దాని కొంప ముంచింది. మోసగాళ్లు దాన్ని పట్టుకున్నారు. “మీ కంప్యూటర్‌లో వైరస్ ఉంది, కదలకండి” అంటూ భయపెట్టి మనిషిని పేజీలోనే బంధించారు. విసిగిన బ్రౌజర్లు ఆ స్వేచ్ఛను తీసేశాయి. 2011లో ఫైర్‌ఫాక్స్ 4, 2016లో క్రోమ్ 51 పేజీ రాసిన వాక్యాన్ని చూపడం మానేశాయి. మనిషి పేజీని తాకనే తాకకపోతే అసలు అడగనవసరం లేదని కూడా తర్వాత తేల్చాయి.

వాళ్లు చేసింది సరైనదే. కానీ మనం పోగొట్టుకున్నది తక్కువేమీ కాదు. “మీ ఆదాయ ధ్రువీకరణ వివరాలు ఇంకా పంపలేదు” అని తెలుగులో చెప్పే అవకాశం పోయింది. ఇప్పుడు ఏ పేజీకైనా ఒకటే వాక్యం, మార్పులు సేవ్ కాకపోవచ్చని. పిడుగుకీ బియ్యానికీ ఒకే మంత్రం. అదీ బ్రౌజర్ ఏ భాషలో ఉంటే ఆ భాషలోనే వస్తుంది. మన సెంటర్లలో అది ఎక్కువగా ఇంగ్లిషే.

బ్యాక్‌స్పేస్ సంగతి మాత్రం తీరింది. అది పేజీని వెనక్కి తీసుకెళ్లడాన్ని క్రోమ్ 2016లో, ఫైర్‌ఫాక్స్ 2021లో ఆపేశాయి.

కానీ ఈలోగా ఫారం ఫోనులోకి వచ్చేసింది. ఐఫోన్‌లోని సఫారీ బ్రౌజర్‌లో ఈ హెచ్చరిక మీద ఆధారపడలేం. ఆండ్రాయిడ్‌లో ఓటీపీ చూసుకోవడానికి మెసేజీల్లోకి వెళ్లి వచ్చేసరికి, మెమరీ చాలక పేజీ మళ్లీ మొదటి నుంచి తెరుచుకుంటుంది. అడిగేవారెవరూ లేరు. అందుకే పేజీ తెరమరుగయ్యే క్షణంలోనే నింపినదాన్ని దాచాలి. ఎక్కడ దాచాలన్నది మరో చిక్కు. బ్రౌజర్‌లోనే దాస్తే, నలుగురూ వాడే ఇంటర్నెట్ సెంటర్‌లో తర్వాత కూర్చున్నవారికి ఆ అమ్మాయి వివరాలన్నీ కనిపించే ప్రమాదం ఉంది. లాగిన్‌తో ముడిపెట్టి సర్వర్‌లో దాచడమే మేలని నా అనుభవం.

లాగిన్ గడువు ముగియడం వల్ల పోయే ఫారాల గురించి, వికలాంగులు కూడా వెబ్‌ను వాడగలగాలని రాసిన డబ్ల్యూసీఏజీ అనే అంతర్జాతీయ నియమాలు ఎప్పుడో చెప్పాయి. గడువు ముగిసేముందు హెచ్చరించి, పొడిగించుకోవడానికి కనీసం 20 సెకన్లు ఇవ్వడం 2008 నాటి డబ్ల్యూసీఏజీ 2.0లో ప్రాథమిక స్థాయి నియమాల్లోనే ఉంది. మళ్లీ లాగిన్ అయినప్పుడు నింపినవి పోకూడదన్న నియమమూ అందులో ఉంది. 2018 నాటి 2.1 మరో మెట్టు ఎక్కి, వివరాలను 20 గంటలకు మించి నిలిపి ఉంచకపోతే, ఎంతసేపు కదలకుండా ఉంటే అవి పోతాయో ముందే చెప్పమంది. ఈ చివరి రెండూ ట్రిపుల్ ఏ, అంటే అన్నిటికంటే పై స్థాయివి. మన ప్రభుత్వ వెబ్‌సైట్ల మార్గదర్శకాలు అడుగుతున్నది దాని కిందిదైన డబుల్ ఏ వరకే. కనీసం ప్రవేశాలు, ఉద్యోగాలు, ఉపకార వేతనాల దరఖాస్తుల వరకైనా ఆ రెండింటినీ తప్పనిసరి చేయాలి.

ఆ రోజు ఆ అమ్మాయి జిరాక్సు కాగితం వెనక నంబర్లన్నీ వరుసగా రాసుకుని, రెండోసారి మొదలుపెట్టింది. ఊరికి వెళ్లే మధ్యాహ్నం బస్సు అప్పటికే వెళ్లిపోయింది.