ఎమ్మారైతోనే ఆగిపోతే రెండో కాన్పు సంగతేంటి?

మెదడు ఎమ్మారైలో అరుదైన సిండ్రోమ్ అని తేలిన పిల్లలకు జన్యు పరీక్ష కూడా చేయించాలా? విశాఖలో ఈ వాదన మళ్లీ రేగింది. జబ్బు పేరు తెలిసింది, మందు ఎలాగూ లేదు, ఇంకా వేలు పోయడం ఎందుకన్నది ఒక పక్షం మాట.

ఈ పీటముడి ఎక్కడ పడిందో పుట్టుకతోనే మెదడు నిర్మాణంలో లోపం ఉండే జూబేర్ సిండ్రోమ్ చెబుతుంది. 1969లో కెనడాలోని మాంట్రియల్‌లో డాక్టర్ మారీ జూబేర్ దీన్ని గుర్తించింది ఒకే ఇంటి నలుగురు తోబుట్టువుల్లో. మలుపు మాత్రం 1997లో వచ్చింది. డాక్టర్ బెర్నార్డ్ మరియా బృందం ఎమ్మారైలో దవడ పన్ను ఆకారాన్ని పట్టుకుంది. చిన్న మెదడును మెదడు కాండంతో కలిపే రెండు కాడలు లావెక్కి, పొడవుగా సాగి పన్ను వేళ్లలా కనిపిస్తాయి. చిన్న మెదడు నడిమి భాగమైన వర్మిస్ చిక్కిపోయి ఉంటుంది. స్కాన్‌లో పొరలు మందంగా తీస్తే ఈ గుర్తు తప్పిపోవచ్చు. మళ్లీ తీయాలంటే పసివాడికి మళ్లీ మత్తు. ఊపిరి కాసేపు ఎగసి, కాసేపు ఆగే ఈ పిల్లలకు మత్తంటేనే భయం.

అంతవరకూ మెడ నిలవని, చూపు కుదురుగా లేని బిడ్డను చూసి ఊహించిన జబ్బును ఆపైన ఫిల్ము చూసి చెప్పగలిగారు. దాంతో పని అయిపోయిందన్న భావన పాతుకుపోయింది. ఇవాళ్టి తగాదాకు మూలం అదే. 2004 నుంచి దీనికి కారణమయ్యే ఒక్కో జన్యువూ బయటపడుతూ ఇప్పుడు 40 దాకా తేలాయి. లోపం సీఈపీ290 అనే జన్యువులో ఉంటే కళ్లు, కిడ్నీలు కనిపెట్టుకుని ఉండాలి. టీఎంఈఎం67లో అయితే కాలేయాన్ని కూడా. దవడ పన్ను అందరిలోనూ ఒకటే, ఈ తేడా ఫిల్ములో దొరకదు.

తల్లులు అడిగేది ఇంకొకటి: తర్వాతి బిడ్డకూ వస్తుందా? దాదాపు ఈ జన్యువులన్నిటిలోనూ తల్లి నుంచీ తండ్రి నుంచీ లోపం అందితేనే జబ్బు, అందుకే ప్రతి కాన్పుకూ 25 శాతం ముప్పు. మేనరికాలు ఇంకా జరుగుతున్న మన జిల్లాల్లో ఈ ప్రశ్నను పక్కన పెట్టడం అన్యాయం. లోపం ఎక్కడుందో ముందే తెలిస్తే 11 వారాలు దాటాక మాయ నుంచి నమూనా తీసి చూడొచ్చు. తెలియకపోతే స్కానింగే దిక్కు, అందులో తేలేసరికి ఐదో నెల దాటిపోవచ్చు.

అరుదైన జబ్బులపై 2021 జాతీయ విధానం హైదరాబాద్‌లోని నిమ్స్ ఆసుపత్రిని, డీఎన్‌ఏ పరిశోధన సంస్థ సీడీఎఫ్‌డీని కలిపి ప్రత్యేక కేంద్రంగా గుర్తించింది. విభజనతో అది పొరుగు రాష్ట్రమైంది, విశాఖకు 600 కిలోమీటర్ల పైమాటే. ఈ విధానం కింద 2022లో 50 లక్షల రూపాయలకు పెంచిన సాయం జాబితాలోని జబ్బుల చికిత్సకే. అయితే పరీక్షకు బిడ్డను అంతదూరం మోసుకెళ్లనక్కర్లేదు. బిడ్డవీ తల్లిదండ్రులవీ కొద్ది మిల్లీలీటర్ల రక్తం ఇక్కడే తీసి పంపితే చాలు, అదీ మళ్లీ నెల తప్పకముందే.