పొన్నంకి పిట్ట కాలికి రింగు ఉండుంటే

కిందటి అక్టోబర్‌లో ఒకరోజు తెల్లవారుజామున కపిలతీర్థం దగ్గర మా వరండాలో పొన్నంకి పిట్ట ఒకటి పడి ఉంది. రాత్రంతా వెలిగిన లైటు కిందే. ఆకుపచ్చ వీపు, తోక కింద కుంకుమ ఎరుపు, కంటి మీదుగా నల్లటి పట్టీ. “గాలికి కొట్టుకొచ్చుండాది, పాపం” అంది పక్కింటి అవ్వ. నేను ముందు దాని కాళ్లు చూశాను. వలసపక్షుల్ని గుర్తుపట్టడానికి తొడిగే నంబరు రింగు లేదు. అట్టపెట్టెలో చీకటిగా ఉంచితే తేరుకుంది. సాయంత్రం కొండ కింది పొదల్లో వదిలేశాం.

ఈ పిట్టలు వానాకాలంలో హిమాలయాల దిగువన, మధ్య భారతంలో గూళ్లు కడతాయి. చలికాలానికి దక్షిణాదికి, శ్రీలంకకు వస్తాయి. ప్రయాణం రాత్రిపూట కాబట్టి మన దీపాలు వాటిని దారి తప్పిస్తాయి. ఉదయం, సాయంత్రం ఆరింటి వేళ కూస్తుందని పక్కనే తమిళనాడులో దీన్ని ‘ఆరుమణి కురువి’ అంటారు. జాతి గురించి ఇంత తెలుసు. మా వరండాలో పడిన ఆ ఒక్క పిట్ట ఏ అడవిలో బయల్దేరిందో తెలియాలంటే మాత్రం, ఎవరో ఒకరు ముందే దాని కాలికి నంబరు తొడిగి ఉండాలి.

1899లో డెన్మార్క్‌లో మోర్టెన్‌సెన్ అనే టీచరు, మన గోరింకల కుటుంబానికే చెందిన స్టార్లింగ్ పక్షుల కాళ్లకు అల్యూమినియం రింగులు తొడిగి ఈ పద్ధతి మొదలుపెట్టారు. మన దేశంలో ఆ పనిని పక్షి శాస్త్రవేత్త సలీం అలీ ఆధ్వర్యంలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పెద్ద ఎత్తున చేసింది.

కొండ కనుమలు దీనికి మంచి చోటు. ఎత్తైన శిఖరాల మీదుగా పోవడం కష్టం కాబట్టి చాలా పక్షులు సందు వెతుక్కుని అక్కడికే చేరతాయి. ఆల్ప్స్‌లో, స్విట్జర్లాండ్–ఫ్రాన్స్ సరిహద్దున ఉన్న బ్రెటోలే కనుమ 1,900 మీటర్ల పైన ఉంది. శరదృతువు వలసలో అక్కడ పక్షులకు రింగులు వేస్తారు. ఇలాంటి కేంద్రాల్లో వాలంటీర్లదే సగం పని: కంటికి ఆనని సన్నటి నైలాన్ వలలు కట్టడం, మాటిమాటికీ వెళ్లి చూడటం, చిక్కిన పక్షిని గుడ్డసంచిలో తేవడం, కొలతలు రాయడం.

వీటన్నిటిలో నన్ను బాగా కదిలించేది ఒక చిన్న పని. పక్షి మెడను రెండు వేళ్ల మధ్య పట్టుకుని, గొంతు కింద ఈకల మీద నోటితో మెల్లగా ఊదుతారు. ఈకలు విడిపోగానే పల్చటి చర్మం కింద పసుపుపచ్చ కొవ్వు కనిపిస్తుంది. అదే దాని ఇంధనం. పిండిపదార్థంతో పోలిస్తే గ్రాము కొవ్వులో రెట్టింపుకు పైగా శక్తి ఉంటుంది. కరిగేటప్పుడు కొంత నీరు కూడా వస్తుంది. అందుకే కొన్ని చిన్న పక్షులు దూరప్రయాణానికి ముందు దాదాపు రెట్టింపు బరువెక్కుతాయి. గొంతు గుంట నిండుగా ఉంటే ఆ రాత్రే ఎగిరిపోగలదు. ఖాళీగా ఉంటే ఆ అడవిలోనే ఆగి తినాలి. ఆ అడవి లేకపోతే దాని దారి అక్కడితో సరి.

చిన్న పక్షుల్లో రింగు వేసినవాటిలో నూటికి ఒకటి కూడా మళ్లీ వేరే చోట దొరకదు. అందుకే దొరికిన ఒక్కటీ అంత విలువైనది. శిక్షణ, అటవీ శాఖ అనుమతి లేకుండా పక్షిని పట్టకూడదు గానీ, మీ ఇంటి ముందు పడిన పిట్ట కాలికి రింగు కనిపిస్తే మాత్రం దాన్ని ఊడదీయకుండా నంబరు, తేదీ, ఊరు రాసి బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి పంపండి.

ఈ ఏడు అక్టోబర్ రాగానే వరండా లైటు ఆర్పేస్తున్నాం. పొద్దున్నే అవ్వ గోడ అవతలి నుంచి అడుగుతోంది: “ఏమన్నా వచ్చిందా? కాళ్లు చూస్తివా?”