హడ్సన్ ఇవతలి ఒడ్డు నుంచి మన్‌హట్టన్

న్యూజెర్సీలో ఉండే పిల్లల దగ్గరికి ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే, జెట్‌లాగ్ తీరీ తీరకముందే వాళ్లని తీసుకెళ్లే చోటు ఒకటుంటుంది, హడ్సన్ నది ఒడ్డు. జెర్సీ సిటీ కావచ్చు, హోబోకెన్ కావచ్చు, కొండ అంచున ఉండే వీహాకెన్ కావచ్చు, ఎక్కడ నిలబడ్డా ఎదురుగా న్యూయార్క్ నగరపు మన్‌హట్టన్ బారుగా పరుచుకుని కనిపిస్తుంది. మెప్పంతా మేడలకే పోతుంది గానీ, నా లెక్కలో అందులో సగం నదికి రావాలి.

ఊళ్లోకి వెళ్లి చూడండి, ఊరు కనపడదు. వన్ వరల్డ్ ట్రేడ్ సెంటర్ ఎత్తు 541 మీటర్లు, దాని కింద నిలబడితే మెడ నొప్పి తప్ప ఏమీ మిగలదు. జెర్సీ సిటీ ఒడ్డుకి అదే టవరు రెండు కిలోమీటర్లకి కాస్త తక్కువ దూరంలో ఉంటుంది, అంటే కంటికి సుమారు 16 డిగ్రీల ఎత్తు. చేయి బాగా చాచి పిడికిలి బిగిస్తే అది దాదాపు 10 డిగ్రీలు, కాబట్టి మొత్తం టవరు పిడికిలిన్నర! తల ఎత్తకుండానే చూపులో పట్టేస్తుంది. అడుగు జాగా కోసం కొట్టుకునే నగరం ముందు ఇంత ఖాళీ మిగిలిందంటే అక్కడ ఉన్నది నీళ్లు కాబట్టే.

ఇంత దూరం నుంచి చూస్తే ఇంకోటి తెలుస్తుంది. ఆకాశహర్మ్యాలు రెండు గుంపులు, కుడివైపు డౌన్‌టౌన్, ఎడమవైపు మిడ్‌టౌన్, మధ్యలో కాస్త పల్లం. అక్కడ గట్టి రాయి బాగా లోతులో ఉంది, అందుకే పెద్ద మేడలు కట్టలేదు అని గైడ్లు చెప్తూ ఉంటారు. వినడానికి బాగుంటుంది. 2011లో జేసన్ బార్ అనే ఆర్థికవేత్త, ఆయన సహచరులు పాత భవనాల లెక్కలు తీసి చూస్తే రాయి లోతు ప్రభావం నామమాత్రమే అని తేలింది. 1913లో పూర్తయిన ఊల్‌వర్త్ బిల్డింగ్ పునాదులు వంద అడుగులకి పైగా లోతుకి దింపి మరీ కట్టారు, డబ్బుకి రాయి అడ్డం రాలేదు. జనం, ఆఫీసులు, దుకాణాలు ఎటు జరిగితే మేడలూ అటే లేచాయి.

ఇక సాయంత్రం సంగతి. పడమటి ఒడ్డున మనం నిలబడితే సూర్యుడు వీపు వెనక ఉంటాడు, ఎదురుగా గాజు మేడలు. సూర్యుడు పైన ఉన్నంతసేపు నిలువు గాజు ఆ వెలుగుని కిందికి, వీధిలోకి పడేస్తుంది. దిగిపోయే ముందు మాత్రమే అది అడ్డంగా, మన కళ్లలోకి తిరిగొస్తుంది. ఇక్కడో చిత్రం ఉంది. మిడ్‌టౌన్ వీధులు అసలు దిక్కుల నుంచి దాదాపు 29 డిగ్రీలు తిరిగి ఉంటాయి, అందుకని గోడలు తిన్నగా పడమరకి కాకుండా కాస్త వాయవ్యానికి చూస్తాయి. మే చివర, మళ్లీ జులై మధ్యలో సూర్యుడు సరిగ్గా ఆ దిక్కులోనే అస్తమిస్తాడు, మిడ్‌టౌన్‌కి ఎదురుగా వీహాకెన్ కొండ మీద ఉన్నవాళ్లకి ఒక్కో గాజు గోడా నిప్పంటుకున్నట్టు మండుతుంది. అదే డిసెంబరులో ఆ గోడలు సాయంత్రపు ఎండని దాదాపు ఉత్తరానికి విసిరేస్తాయి, మనకి దక్కదు.

సూర్యుడు దిగిన ఇరవై, ముప్పై నిమిషాలకి ఆకాశం ముదురు నీలం అవుతుంది. ఫోటోలకి అదే మంచి వేళ, ఎందుకంటే ఆకాశపు వెలుతురు, కిటికీల వెలుతురు దాదాపు సమానంగా ఉంటాయి. పగటి నీలానికి గాలి అణువులు కాంతిని చెదరగొట్టడం కారణం, ఈ నీలానికి మాత్రం చాలావరకు ఓజోన్ కారణం. ఏటవాలు కాంతి పైనున్న ఓజోన్ పొరలో ఎంతో దూరం ప్రయాణిస్తుంది, దారిలో పసుపు, నారింజ రంగుల్ని ఓజోన్ మింగేస్తుంది.

చీకటి పడ్డాక చూపంతా నీళ్ల మీదికి వెళ్తుంది. అవతల ఒక దీపం ఉంటే నీళ్లలో ఒక చుక్క కనపడాలి కదా, కానీ మనవైపు సాగుతూ వచ్చే పొడుగాటి గీత కనిపిస్తుంది. ప్రతి చిన్న అల కూడా ఒక వాలు అద్దం. అల మనవైపుకో అవతలికో 5 డిగ్రీలు వాలిందనుకోండి, దాని మీద పడ్డ కిరణం పైకో కిందికో 10 డిగ్రీలు తిరుగుతుంది. అదే 5 డిగ్రీలు పక్కకి వాలితే, చూపు నీటిని దాదాపు రాసుకుంటూ పోయే చోట, కిరణం పక్కకి ఒక డిగ్రీ కూడా జరగదు. అంటే దగ్గరగా, దూరంగా ఉన్న ఎన్నో అలలు ఒకే దీపాన్ని మన కంటికి చేర్చగలవు, పక్కనున్న అలలు చేర్చలేవు. అందుకే గీత పొడుగు, సన్నం. అది ఎవరికి వాళ్లదే, నడిస్తే మనతో పాటే నడుస్తుంది, పక్కన నిలబడ్డవాళ్లకి కనిపించేది వేరే అలల మీది గీత. హైదరాబాద్‌లో ట్యాంక్ బండ్ మీద నడుస్తూ కూడా చూసుకోవచ్చు.

రెయిలింగ్ మీంచి వంగి తిన్నగా కిందికి చూస్తే మాత్రం నీళ్లు నల్లగా ఉంటాయి. తిన్నగా పడ్డ కాంతిలో నీరు తిప్పి పంపేది 2 శాతమే. నీటిని దాదాపు రాసుకుంటూ, నీటి మట్టానికి 5 డిగ్రీల వాలులో పడితే సగానికి పైగా తిప్పి పంపిస్తుంది.

గాలి పూర్తిగా పడిపోతే ఈ గీతలు కుదించుకుపోయి మేడలు తలకిందులుగా కనిపిస్తాయి, కానీ హడ్సన్‌లో అది అరుదు. ఇక్కడది నది కంటే సముద్రపు పాయ అనాలి, ఆటుపోట్లు పైకి సుమారు 240 కిలోమీటర్ల దూరంలోని ట్రాయ్ అనే ఊరి దాకా వెళ్తాయి. ఆటు వేళ నీరు దక్షిణానికి పోతుంటే దక్షిణపు గాలి ఎదురొచ్చిందంటే అలలు పొట్టిగా, నిటారుగా లేస్తాయి, గీతలు ముక్కలు ముక్కలవుతాయి. ఫోటో కోసం వెళ్లేవాళ్లు వానతో పాటు గాలి ఎటు నుంచి వీస్తోందో, ఆటు ఏ వేళకో కూడా చూసుకుని బయల్దేరడం మంచిది. పార్కింగ్ సంగతి మాత్రం నన్ను అడక్కండి.