పేరున్న కంపెనీ: ఫోక్స్‌వ్యాగన్ పరువు ప్రతిష్ఠల వెనక కథ

2005లో విశాఖపట్నానికి కార్ల ఫ్యాక్టరీ వచ్చేసినట్టేనని అందరూ అనుకున్నారు. వచ్చేది ఏదో ఊరూ పేరూ లేని సంస్థ కాదు, జర్మనీ ఫోక్స్‌వ్యాగన్. ఆ ధీమాతోనే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తన వాటా కింద 11.65 కోట్ల రూపాయలు కట్టేసింది. అయితే ఆ డబ్బు వెళ్లింది ఫోక్స్‌వ్యాగన్‌కు కాదు, వశిష్ట వాహన్ అనే ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీకి. జర్మన్ల తరఫున ఈ వ్యవహారం నడిపినవాడు హెల్ముత్ షుస్టర్. ఫోక్స్‌వ్యాగన్ చేతిలోనే ఉన్న స్కోడాలో ఆయన పెద్ద అధికారి. 2005 జూన్‌లో ఆయన ఉద్యోగం వదిలి వెళ్లిపోయాడు. ఆ వెంటనే వశిష్ట వాహన్‌తో తమకు ఏ సంబంధమూ లేదని ఫోక్స్‌వ్యాగన్ తేల్చిచెప్పింది. అసెంబ్లీలో రభస జరిగింది, కేసు సీబీఐకి వెళ్లింది. 2006 నవంబర్‌లో కంపెనీ పుణె దగ్గరి చాకన్‌ను ఎంచుకుంది. 2009లో అక్కడ ఫ్యాక్టరీ మొదలైంది.

ఒక రాష్ట్ర ప్రభుత్వం చెక్కు మీద ఎవరి పేరు రాస్తున్నామో కూడా సరిగా చూసుకోలేదా అని అప్పట్లో అందరూ తిట్టారు. తిట్టాల్సిందే. కానీ అవతల ఉన్నది ఫోక్స్‌వ్యాగన్ అనేసరికి అనుమానం రాకపోవడంలో వింత లేదు. కారు గట్టిది, ఇంజనీరింగ్ గట్టిది, కాబట్టి మనుషులూ అంతే అయ్యుంటారని ప్రపంచమంతా అనుకునేది. ఈ కంపెనీ చరిత్ర తిరగేస్తే మాత్రం 2015 దాకా ఒక విషయం మళ్లీ మళ్లీ కనిపిస్తుంది: కారు మీద పెద్దగా ఫిర్యాదు ఉండదు, ఫిర్యాదంతా దాన్ని నడిపించిన ఆఫీసు మీదే.

కంపెనీ పుట్టుకే ఒక సర్కారీ పథకం. జర్మనీలో ప్రతి కుటుంబం కొనుక్కోగలిగే కారు కావాలని 1934లో హిట్లర్ పట్టుబట్టాడు. డిజైన్ బాధ్యత ఫెర్డినాండ్ పోర్షెకు అప్పగించారు. ధర 990 రైష్‌మార్కులు (అప్పటి జర్మన్ కరెన్సీ) దాటకూడదు. ఆ ధరకు కారు గిట్టుబాటు కాదని ప్రైవేటు కంపెనీలు వెనక్కి తగ్గాయి. దాంతో నాజీల కార్మిక సంస్థ అయిన జర్మన్ లేబర్ ఫ్రంట్ రంగంలోకి దిగి 1937 మే 28న కంపెనీ పెట్టింది. 1933లో స్వతంత్ర కార్మిక సంఘాలను అణిచేసి, వాళ్ల ఆస్తులు లాక్కుని బలిసిన సంస్థ అది. ఫ్యాక్టరీకి పెట్టిన డబ్బులో ఆ దోపిడీ సొమ్ము కూడా ఉంది. 1938 మే 26న ఫాలర్స్‌లేబెన్ దగ్గర పొలాల మధ్య హిట్లర్ శంకుస్థాపన చేశాడు.

డిజైన్ అంతా పోర్షె బుర్రలోనే పుట్టిందనడం కూడా సగం నిజమే. చెకోస్లొవేకియాలో టాట్రా కంపెనీ ఇంజనీరు హాన్స్ లెడ్వింకా అప్పటికే వెనక ఇంజనుతో, గాలితో చల్లబడే కార్లు చేస్తున్నాడు. ఈ పోలికల మీద టాట్రా కోర్టుకెక్కింది. జర్మన్ సైన్యం ఆ దేశంలోకి దిగాక కేసు మూలనపడింది, యుద్ధం ముగిసిన చాలా ఏళ్లకు ఫోక్స్‌వ్యాగన్ డబ్బిచ్చి రాజీ చేసుకుంది. జర్మనీలోనే ఉన్న యూదు ఇంజనీరు యోసెఫ్ గాంజ్ కూడా చవకైన చిన్న కారు కోసం ఏళ్ల తరబడి వాదించి, నమూనాలు చేసి చూపించాడు. 1933లో నాజీల రహస్య పోలీసు దళం గెస్టపో ఆయన్ని అరెస్టు చేసింది. తర్వాత ఆయన దేశం వదిలి పారిపోయాడు.

కారు అమ్మడానికి పెట్టిన పథకం ఇంకా ఘోరం. వారానికి 5 మార్కులు కట్టి స్టాంపు తీసుకోవాలి, కార్డు మీద అంటించుకోవాలి. కార్డులు నిండితే కారు. కట్టిన సొమ్ము మీద వడ్డీ లేదు, మధ్యలో మానేస్తే డబ్బు వెనక్కి రాదు. సుమారు 3,36,000 మంది ఇలా కట్టారు. యుద్ధం మొదలవగానే ఫ్యాక్టరీ సైన్యానికి జీపుల్లాంటి బండ్లు చేయడంలో మునిగిపోయింది. కట్టినవాళ్లలో ఒక్కరికీ కారు అందలేదు. చిట్టీలు కట్టించుకుని బోర్డు తిప్పేసిన కంపెనీలు మనకు కొత్త కాదు, కాకపోతే ఇక్కడ బోర్డు తిప్పింది ప్రభుత్వమే. యుద్ధం తర్వాత ఆ ఖాతాదారులు కొత్త ఫోక్స్‌వ్యాగన్ మీద కేసు వేసి ఏళ్ల తరబడి కొట్లాడారు. 1961లో రాజీ కుదిరింది: కొత్త కారు కొంటే 600 మార్కుల దాకా తగ్గింపు, లేదంటే 100 మార్కుల దాకా నగదు.

యుద్ధకాలంలో అదే ఫ్యాక్టరీలో దాదాపు 20,000 మంది చేత బలవంతంగా పని చేయించారు. వాళ్లలో పోలండ్ వాళ్లు, సోవియట్ యుద్ధ ఖైదీలు, కాన్సంట్రేషన్ క్యాంపుల నుంచి తెచ్చినవాళ్లు ఉన్నారు. అక్కడ పనిచేసే పోలిష్, సోవియట్ ఆడవాళ్లకు పుట్టిన పసిపిల్లలను తల్లుల నుంచి విడదీసి, చివరికి ర్యూయెన్ అనే ఊళ్లో ఒక కేంద్రంలో ఉంచారు. మురికిలో, సరైన పాలూ మందూ లేక 300 మందికి పైగా పసికందులు చనిపోయారు. ఆ పిల్లల బాధ్యత చూడాల్సిన ఫ్యాక్టరీ డాక్టరు హాన్స్ కోర్బెల్‌ను బ్రిటిష్ సైనిక కోర్టు దోషిగా తేల్చింది, 1947లో ఉరితీశారు. ఈ చరిత్రంతా తవ్వి రాయమని కంపెనీ చరిత్రకారుడు హాన్స్ మమ్సెన్‌ను అడిగింది 1986లో. పుస్తకం 1996లో వచ్చింది. యాభై ఏళ్ల ఆలస్యానికి నాకైతే ఏ సాకూ కనిపించదు.

ఇంత మచ్చ ఉన్న కంపెనీ మంచి పేరు ఎలా తెచ్చుకుంది? అందుకు ముందు ఒక ఇంగ్లీషు మేజరుకు దండం పెట్టుకోవాలి. 1945లో ఆ ప్రాంతం బ్రిటిష్ సైన్యం చేతికొచ్చింది. బాంబు దెబ్బలు తిన్న ఫ్యాక్టరీని చూసుకోమని ఐవన్ హర్స్ట్ అనే మేజరును పంపారు. యంత్రాలను ఊడబీకి యుద్ధ పరిహారం కింద పట్టుకుపోవచ్చని అప్పటి ఆలోచన. హర్స్ట్ అక్కడ మిగిలిన ఒక కారుకు సైన్యం వాడే ఖాకీరంగు వేయించి పై అధికారులకు చూపించాడు. వాళ్లకు అప్పుడు బండ్ల కరువు ఉంది. ఏకంగా 20,000 కార్లకు ఆర్డరిచ్చారు. అలా 1945 డిసెంబర్‌లో ఫ్యాక్టరీ మళ్లీ మొదలైంది. పక్కనున్న కార్మికుల పట్నానికి నాజీ పేరు తీసేసి వోల్ఫ్స్‌బర్గ్ అని పెట్టింది కూడా ఆ ఏడాదే. బ్రిటన్ కార్ల పరిశ్రమ నిపుణులు మాత్రం ఈ కారును చూసి, ఇది కొనేవాడుండడని తేల్చేశారు. ఇంతకన్నా తప్పిన అంచనా కార్ల చరిత్రలో మరొకటి ఉందా అంటే చెప్పడం కష్టం.

1948 జనవరిలో వచ్చిన హైన్రిక్ నార్ట్‌హోఫ్ దాన్ని నిలబెట్టాడు. ఆకారం మార్చలేదు. లోపలి భాగాలనే ఏటా కొద్దికొద్దిగా మెరుగుపరుస్తూ పోయాడు. కారు అమ్మిన చోటల్లా విడిభాగాలు దొరకాలి, రిపేరు చేసేవాడుండాలి అన్నాడు. రేడియేటరే లేని ఇంజను కాబట్టి ఎండాకాలం నీళ్లు మరిగే గొడవ లేదు, చలికాలం గడ్డకట్టే గొడవా లేదు. బీటిల్ అని పేరుబడ్డ ఈ కారు 1955 ఆగస్టుకల్లా 10 లక్షలవది బయటికొచ్చింది. 1972 ఫిబ్రవరిలో, అన్నిటికన్నా ఎక్కువగా తయారైన కారుగా ఫోర్డ్ మోడల్ టీకి ఉన్న రికార్డు దాటింది. 2003 జూలై 30న మెక్సికోలోని ప్వెబ్లాలో ఆఖరి బీటిల్ తయారైంది, మొత్తం లెక్క 2,15,29,464.

అమెరికాలో అమ్మకాల కథ వేరు. యుద్ధం ముగిసి పదిహేనేళ్లు కూడా కాకముందు, హిట్లర్ ముచ్చటపడి చేయించిన కారును అమెరికన్లకు అమ్మే పని న్యూయార్క్‌లో బిల్ బెర్న్‌బాక్ అనే యూదుడి ఏజెన్సీకి దక్కింది. 1960లో వాళ్లు వేసిన ఒక ప్రకటనలో కారు బొమ్మ, దాని కింద పనికిరాని సరుకు అనే అర్థం వచ్చే ఒకే ఒక్క మాట. ఎందుకు పనికిరాదు? డ్యాష్‌బోర్డు అర మీదున్న క్రోమ్ పట్టీకి చిన్న మచ్చ పడిందట. ఇన్‌స్పెక్టర్ చూసి కారును పక్కన పెట్టేశాడట. వోల్ఫ్స్‌బర్గ్‌లో తనిఖీకే 3,389 మంది ఉన్నారని కూడా అందులో రాశారు. తప్పుంటే మేమే ముందు చెబుతాం అని నమ్మించిన ప్రకటన అది. కంపెనీకి దశాబ్దాల పాటు కూడు పెట్టిన నమ్మకం ఇదే.

బీటిల్ మీదే ఆధారపడ్డందుకు 1970ల మొదట్లో కంపెనీ నష్టాల్లో పడింది. 1974లో వచ్చిన గోల్ఫ్ అనే కొత్త కారు గట్టెక్కించింది. ఆడి అంతకుముందే చేతిలో ఉంది. తర్వాత సియాట్, స్కోడా, 1998లో బెంట్లీ, లంబోర్గిని, బుగాటి అన్నీ వచ్చి చేరాయి.

ఆఫీసు సంగతికొస్తే, ఈ కంపెనీ నిర్మాణమే విచిత్రం. 1960లో ప్రత్యేక చట్టం చేసి షేర్లు ప్రజలకు అమ్మారు. కానీ కీలక నిర్ణయాలను అడ్డుకునే హక్కు లోయర్ సాక్సనీ రాష్ట్రం చేతిలోనే ఉండిపోయింది. పర్యవేక్షక బోర్డులో సగం మంది కార్మిక ప్రతినిధులు. ఓట్లలో సగానికి పైగా ఫెర్డినాండ్ పోర్షె వారసులైన పోర్షె, పియెక్ కుటుంబాలవి. ప్రభుత్వం, యూనియన్, కుటుంబం ముగ్గురూ ఒక్కటైతే బయటివాడు ప్రశ్న అడిగే సందే లేదు. ఉద్యోగులకు దీనివల్ల మేలు జరగలేదని కాదు. జీతాలు, భద్రత జర్మనీలోనే మెరుగైనవాటిలో ఉండేవి. క్యాంటీన్ కోసం కంపెనీ సొంతంగా సాసేజ్ కూడా తయారు చేస్తుంది, దానికి కారు భాగాల్లాగే పార్ట్ నంబర్ ఉంది: 199 398 500 ఎ. కొన్నేళ్లు ఫోక్స్‌వ్యాగన్ కార్ల కన్నా ఆ సాసేజులే ఎక్కువ అమ్ముడుపోయాయి.

ఆ సర్దుబాటు ముదిరితే ఏమవుతుందో 2005లో బయటపడింది. యూనియన్ పెద్దలను మంచి చేసుకోవడానికి కంపెనీ డబ్బుతో విదేశీ విలాస యాత్రలు, వేశ్యల ఖర్చులు, రహస్య బోనస్‌లు. సిబ్బంది వ్యవహారాల అధిపతి పీటర్ హార్ట్స్ రాజీనామా చేశాడు. 2007లో ఆయనకు రెండేళ్ల సస్పెండెడ్ (అప్పటికి జైలుకు వెళ్లనక్కర్లేని) జైలుశిక్ష, జరిమానా పడ్డాయి. ఉద్యోగుల ప్రతినిధి మండలి అయిన వర్క్స్ కౌన్సిల్ అధ్యక్షుడు క్లాస్ ఫోల్కెర్ట్‌కైతే నిజంగానే జైలుశిక్ష వేశారు. విశాఖ డబ్బు సంగతి పైకొచ్చింది కూడా ఈ దుమారంలోనే. మన దగ్గర అది అధికార, ప్రతిపక్షాల తగవుగానే గుర్తుండిపోయింది. వోల్ఫ్స్‌బర్గ్ వైపు నుంచి చూస్తే అదే ఇంటి కుళ్లులో ఒక కొస మన ఒడ్డున తేలింది.

అప్పటికీ కారు జోలికి ఎవరూ పోలేదు. 2015లో ఆ ఆసరా కూడా పోయింది.

మార్టిన్ వింటర్‌కార్న్ కంపెనీ అధిపతిగా ఉన్నప్పుడు టయోటాను దాటి ప్రపంచంలో నంబర్ వన్ కావాలన్నది లక్ష్యం. అందుకు అమెరికాలో డీజిల్ కారు అమ్మాలి. అక్కడ పొగలో ఉండే హానికర వాయువులైన నైట్రోజన్ ఆక్సైడ్ల పరిమితి యూరప్ కన్నా కఠినం. మైలేజీ, ఖర్చు, పొగ మూడూ ఒకేసారి కుదరలేదు. కుదరలేదని పైవాళ్లకు చెప్పే ధైర్యం చేయకుండా ఇంజనీర్లు సాఫ్ట్‌వేర్‌లో దారి వెతుక్కున్నారు. ల్యాబులో పరీక్ష చేసేటప్పుడు కారు రోలర్ల మీద నిలబడి ఉంటుంది, చక్రాలు తిరుగుతాయి, స్టీరింగ్ మాత్రం కదలదు. ఇలాంటి గుర్తులను బట్టి ఇది పరీక్ష అని సాఫ్ట్‌వేర్ పసిగట్టి పొగను పూర్తిగా శుద్ధి చేసేది. రోడ్డెక్కగానే మానేసేది. 2008లో జెట్టా డీజిల్‌కు అమెరికాలో గ్రీన్ కార్ అవార్డు కూడా ఇచ్చారు.

దొంగతనం పట్టుకున్నది వెస్ట్ వర్జీనియా యూనివర్సిటీలో డాన్ కార్డర్ నడిపే చిన్న ల్యాబు. అరవింద్ తిరువెంగడం, హేమంత్ కప్పన్న, మార్క్ బెష్ అనే పరిశోధకులు డిక్కీలో కొలిచే యంత్రం పెట్టుకుని, పొగగొట్టానికి ట్యూబులు తగిలించి కాలిఫోర్నియా రోడ్ల మీద తిరిగారు. జెట్టా పరిమితికి 15 నుంచి 35 రెట్లు పొగ వదులుతోంది, పసాట్ 5 నుంచి 20 రెట్లు. వాళ్లు మోసం కోసం వెతకలేదు, అమెరికాలో డీజిల్ ఎంత శుభ్రంగా నడుస్తోందో యూరప్‌కు చూపిద్దామని బయల్దేరారు. 2014లో ఫలితాలు వచ్చాక కూడా ఏడాదికి పైగా కంపెనీ అమెరికా ప్రభుత్వ అధికారులకు కుంటిసాకులు చెబుతూ వచ్చింది. కొత్త మోడళ్లకు అనుమతి ఇచ్చేది లేదని వాళ్లు బెదిరించాకే ఒప్పుకుంది. 2015 సెప్టెంబర్ 18న అమెరికా పర్యావరణ సంస్థ నోటీసు బయటపెట్టింది. ఐదు రోజులకు వింటర్‌కార్న్ దిగిపోయాడు. లెక్క తేల్చితే ప్రపంచవ్యాప్తంగా 1 కోటి 10 లక్షల కార్లలో ఆ సాఫ్ట్‌వేర్ ఉంది.

2017లో అమెరికా కోర్టులో కంపెనీ నేరం ఒప్పుకుంది. జరిమానాలు, పరిహారాలు కలిపి ఖర్చు 3,000 కోట్ల యూరోలు దాటింది. ఆడి మాజీ అధిపతి రూపర్ట్ స్టాడ్లర్‌కు 2023లో శిక్ష పడింది, అది కూడా సస్పెండెడే. 2025 మేలో బ్రౌన్‌ష్వైగ్ కోర్టు నలుగురు మాజీ అధికారులను దోషులుగా తేల్చి, ఇద్దరికి జైలుశిక్ష వేసింది. మన దేశంలో సుమారు 3.23 లక్షల కార్లను వెనక్కి పిలిచి సరిచేస్తామని కంపెనీ చెప్పింది. 2019 మార్చిలో నేషనల్ గ్రీన్ ట్రిబ్యునల్ 500 కోట్ల జరిమానా వేస్తే, వసూలు మీద సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది.

ఇంత జరిగాక కార్లు కొనడం మానేశారా అంటే లేదు. 2016లోనే ఆ గ్రూపు అమ్మకాల్లో టయోటాను దాటింది. పోలో కారు తయారీ మన దేశంలో 2022లో ఆగింది, అయినా దాని డోర్ వేసినప్పుడు వచ్చే చప్పుడు గురించి ముచ్చటగా చెప్పేవాళ్లు హైదరాబాద్‌లో ఇప్పటికీ దొరుకుతారు. కొనేవాడికి పొగ కనిపించదు, డోర్ చప్పుడు వినిపిస్తుంది.

దెబ్బ తగిలింది వేరే వైపు నుంచి. డీజిల్ పరువు పోయాక ఎలక్ట్రిక్ కార్ల మీద వేల కోట్లు కుమ్మరించారు, కానీ సాఫ్ట్‌వేర్‌లో తడబడ్డారు. 1984 నుంచి పాతుకుపోయిన చైనా మార్కెట్లో 2023లో అక్కడి కంపెనీ బీవైడీ ముందుకెళ్లిపోయింది. 1994 నుంచి అమల్లో ఉన్న ఉద్యోగ హామీని 2024 సెప్టెంబర్‌లో కంపెనీ రద్దు చేసింది, జర్మనీలో ఫ్యాక్టరీలు మూయాల్సి రావచ్చని చెప్పింది. సమ్మెలు జరిగాయి. ఆ డిసెంబర్‌లో యూనియన్‌తో ఒప్పందం కుదిరింది: వెంటనే మూసివేతలు లేవు, 2030 నాటికి 35,000 ఉద్యోగాలు మాత్రం తగ్గుతాయి. డ్రెస్డెన్‌లో 2025 చివరికి కార్ల తయారీ ఆపాలని నిర్ణయించారు. ఓస్నాబ్రుక్ ఫ్యాక్టరీకి 2027 దాకా పని ఉందని, ఆ తర్వాత దాన్ని ఏం చేయాలో వెతుకుదామని రాసుకున్నారు.