ఓరుగల్లు మట్టికోట సంగతి

వరంగల్ కోట చూడ్డానికి వెళ్లినవాళ్లం అందరం కీర్తి తోరణాల దగ్గర ఫోటోలు దిగుతాం, ఇంకాస్త ఓపికుంటే రాతిగోడ దాకా వెళ్తాం. అంతకుముందే దారిలో గడ్డి మొలిచిన మట్టికట్ట ఒకటి దాటి వస్తాం గానీ, ఏదో చెరువు కట్టేమో అనుకుని తలతిప్పి కూడా చూడం. నన్నడిగితే అసలు కోట అదే.

ముందు రాతికోట సంగతి. 13వ శతాబ్దంలో కాకతీయ గణపతిదేవుడు మొదలుపెడితే, ఆయన కూతురు రుద్రమదేవి పూర్తిచేసింది. సుమారు 1.2 కిలోమీటర్ల వ్యాసంతో గుండ్రటి గోడ, 45 బురుజులు, చుట్టూ కందకం. గుండ్రంగానే ఎందుకంటే లెక్క తేలికే, ఇంతే జాగాని చతురస్రంగా చుట్టాలంటే దాదాపు అర కిలోమీటరు గోడ ఎక్కువ పడుతుంది, దానికి తగ్గట్టు రాళ్లూ కాపలా మనుషులూ కూడా. రాళ్ల మధ్య సున్నం లేదు, గ్రానైట్ దిమ్మెల్ని పేర్చుకుంటూ పోయారంతే. మరి ఎలా నిలబడింది? లోపలివైపు చూస్తే తెలుస్తుంది, గోడకి ఆనించి వాలుగా పోసిన మట్టి, దానిమీద రాతి మెట్లు. ఏ పక్క నుంచి శత్రువు వచ్చినా అక్కడికక్కడే పైకెక్కేయొచ్చు.

అంటే ఇక్కడా మట్టే!

ఇక మట్టికోట దీనికి బయట, దాదాపు రెట్టింపు వ్యాసంతో ఉంటుంది, దానికీ కందకం ఉంది. ఇలాంటి కోటల్లో తవ్విన మట్టే గోడకి పనికొస్తుంది, గొయ్యి ఎంత లోతైతే కట్ట అంత ఎత్తు.

1310లో ఢిల్లీ సుల్తాన్ అలావుద్దీన్ ఖిల్జీ సేనాని మాలిక్ కాఫూర్ ముట్టడించినప్పుడు ఈ గోడలోకి ఈటె కూడా దిగదని, యంత్రంతో విసిరిన గుండు పిల్లలాడుకునే కాయలా ఎగిరి వెనక్కొస్తుందని అమీర్ ఖుస్రో రాశాడు. గెలిచినవాళ్ల కవి కదా, గోడ ఎంత గట్టిదైతే వాళ్ల గెలుపు అంత గొప్పది, కొంచెం తగ్గించుకునే చదవాలి. గుండు ఎగిరొచ్చిందో లేదో గానీ గోడ తట్టుకుందంటే మాత్రం నమ్మొచ్చు. రాయికి గట్టి దెబ్బ తగిలితే పగులుతుంది, ఆ పగులు పాకుతుంది, ఒక దిమ్మె జారితే పైవీ కదులుతాయి. దిమ్మిస కొట్టిన మట్టి అలా కాదు, తగిలినచోట నలిగి, రేణువులు ఒకదానికొకటి రాసుకుని ఆ దెబ్బని అక్కడే మింగేస్తుంది. మిగిలేది ఒక గుంట, రాత్రికి రాత్రి నాలుగు తట్టల మట్టి పోస్తే అదీ పూడిపోతుంది.

అయినా మట్టికోట ఢిల్లీ సైన్యం చేతికి చిక్కింది, గుంటని పూడ్చినట్టే కందకాన్నీ శత్రువు పూడ్చేయొచ్చు కదా. రాతికోట ఇంకా నిలబడి ఉండగానే అప్పటి కాకతీయ రాజు ప్రతాపరుద్రుడు సంధికి ఒప్పుకుని ఏనుగులు, గుర్రాలు, ధనం ఇచ్చి పంపాడు. ఆ తర్వాత ఢిల్లీ నుంచే వచ్చిన ఉలుగ్ ఖాన్ (తర్వాతి రోజుల్లో మహమ్మద్ బిన్ తుగ్లక్) మొదటిసారి ఉత్తచేతులతో వెనుదిరిగినా 1323లో మళ్లీ వచ్చి కోట పట్టుకున్నాడు, ఊరికి సుల్తాన్‌పూర్ అని పేరు పెట్టారు.

ఈసారి అటు వెళ్తే కట్ట దగ్గర బండి ఆపి, కందకం వైపు నుంచి ఒకసారి తలెత్తి చూడండి. వానాకాలమైతే జారుతుంది, జాగ్రత్త.